ఎనిమిది మోకాళ్ల శరభం

"మియా సాబ్, ఈ గొడ్డుకు మోకాళ్ల వాపు ఎప్పటిసంది?"

దూదిగుంట వీరభద్రుడి గుడి ముందు లూనా ఆపి, మూతికి కట్టుకున్న చున్నీ కూడా విప్పకుండా పశువుల డాక్టరు నాగేశ్వరి అడిగిన ప్రశ్న ఇది. తొంభై రెండో సంవత్సరం ఎండాకాలం. బాబా మియా గుడి ముఖద్వారం గవని నీడలో కూచుని తాపీకి అంటిన సున్నం గీకుతున్నాడు. ఏ గొడ్డా అని చుట్టూ చూశాడు. ఏదీ కనబడలేదు. డాక్టరమ్మ వేలు మాత్రం పైకి, గవని నెత్తి మీదికి చూపిస్తోంది. అక్కడున్నది ఆయన కిందటేడు తన చేతులతో చేసిన శరభం.

"గది గొడ్డు గాదమ్మా. శరభం. దేవునిది."

"దేవునిదైతే మోకాళ్లుండయా? ఎనిమిది కాళ్లున్నయి, ఎనిమిదింటికీ వాపే. రెక్కలకు ఈకలు రాలినయి. మూతి మీద గజ్జి. పొద్దుగాల నుంచి ఈ ఊర్ల నేను చూసిన గొడ్లన్నీ గిట్లనే ఉన్నయి. గందుకే అడుగుతున్న."

బాబా మియా తాపీ కింద పెట్టి శరభం వంక చూశాడు. ముప్ఫై ఏళ్లలో ఆయన పనిని మెచ్చినవాళ్లున్నారు, బేరమాడినవాళ్లున్నారు, ఎగ్గొట్టినవాళ్లు అంతకన్నా ఎక్కువే ఉన్నారు. రోగం కనిపెట్టినవాళ్లు మాత్రం ఈమే మొదలు.

వీరభద్రుడి ముందు "శరభ శరభ" అని గొంతు చించుకునేవాళ్లలో చాలామందికి శరభం అంటే ఏమిటో తెలియదు. సింహం మొహం, పక్షి రెక్కలు, ఎనిమిది కాళ్లు. నాలుగు నేల మీద, నాలుగు గాలిలో. ఇంత అసాధ్యమైన జంతువును నిలబెట్టాలంటే ఊహ ఒక్కటే చాలదు, డంగు సున్నం కావాలి. సున్నం, ఇసుక, కరక్కాయ నీళ్లు, బెల్లం, కోడిగుడ్ల సొన వేసి రోజుల తరబడి దంచితే వచ్చే గచ్చు అది. బాబా మియా వంశం పని అదే. మసీదు మీనారుకు పూలతీగెలు, దొరల గడీలకు చిలుకలు, గుళ్లకు సింహాలు. దీన్ని చూసి మత సామరస్యమని పొంగిపోయి వ్యాసాలు రాసినవాళ్లున్నారు. బాబా మియా తండ్రి ఇమాం సాబ్‌కు తెలిసిన సామరస్యం ఒకటే: కూలి ఎవరిచ్చినా కూలే.

ఇమాం సాబ్ కొడుకుకు నేర్పిన నియమం కూడా ఒకటే. "చేతికి ఎరుకైందే చెయ్యాలె బేటా. కండ్లు అబద్ధం జెప్తయి." కాబట్టి లోకంలో లేని జంతువును చేయాలన్నా, దాని ముక్కలన్నీ లోకంలో ఉన్న జంతువుల దగ్గర తడిమి తెచ్చుకోవాలి. చిలుకను చేయాలంటే ముందు చిలుకను పట్టాలి. సింహం మాటేమిటి? సంగారెడ్డికి సర్కస్ వచ్చినప్పుడు ఇమాం సాబ్ పహరావాడికి రెండు రూపాయలిచ్చి, బోనులో చెయ్యి పెట్టి సింహం మొహం తడిమి వచ్చాడు. ఆ సింహం ముసలిది. కోరలు ఊడిపోయాయి. అందుకని ఇమాం సాబ్ చేసిన సింహాలకు ఒక్కదానికీ కోరలు లేవు. తరవాతి కాలంలో యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చి వాటికి ఫొటోలు తీసుకుని, కోరలు లేని ఈ సింహాలు దక్కన్ శిల్పంలోని అహింసా భావనకు ప్రతీకలని రాసి డాక్టరేట్ పుచ్చుకున్నాడు.

ఆ తండ్రికి ఈ కొడుకు. నియమం తప్పలేదు, అందులో ఉన్న గొయ్యీ తప్పలేదు.

పాత శరభం పడిపోయిన కథ చెప్పుకోవాలి. దూదిగుంట ఎగువన అప్పటికే కంపెనీ వచ్చి పదేళ్లయింది. ఏవో రంగులకు వాడే రసాయనాలు చేస్తారని అనేవారు. ఏం చేస్తారో ఊరికి తెలియదు గానీ, ఏం వదులుతారో ముక్కుకు తెలుసు. చెరువు నీళ్లు కుళ్లిన బెల్లంపాకం రంగుకు తిరిగాయి. అలుగు దగ్గర నురగ మేకపిల్ల ఎత్తున లేచేది. గాలి మళ్లిన పూట ఆ కంపు అన్నంలో కలిసేది, పాలలో కలిసేది, పెళ్లిపందిట్లో అక్షింతలతో పాటు నెత్తిన పడేది. ఒక ఏడు చేపలన్నీ వెల్లకిలా తేలితే, ఉచితంగా దొరికాయని బుట్టలతో ఎత్తుకుపోయి వండుకున్నవాళ్లూ ఉన్నారు. తరవాత వాళ్లు పడ్డ బాధ ఇక్కడ రాయదగ్గది కాదు.

ఆ కంపెనీ డ్రమ్ముల లారీ ఒకటి వెనక్కి తిప్పుకుంటూ గుడి గవనిని గుద్దింది. మూడు తరాల కిందటి శరభం ముక్కలై రాలింది. వారం తిరక్కుండా కంపెనీ మేనేజరు త్రినాథరావు గవని జీర్ణోద్ధరణకు విరాళం ప్రకటించాడు, గుడి కమిటీకి అధ్యక్షుడయ్యాడు, తన పేరుతో నల్లరాతి పలక వేయించుకున్నాడు. గుద్దినవాడు దాత. ఊరు చప్పట్లు కొట్టింది.

బేరానికి బాబా మియాను ఆఫీసుకు పిలిపించాడు. త్రినాథరావుది గోదావరి వైపు. మర్యాదగానే మాట్లాడేవాడు.

"ఎనిమిది కాళ్లెందుకండీ మియాగారూ? నాలుగు చాలవా? రేటు కలిసొస్తుంది కదా."

"నాలుగు కాళ్లైతే కుక్కైతది సాబ్."

"పోనీ ఆరు?"

"ఆరైతే చీమ."

ఆరు వేలకు కుదిరింది. రెండు వేలు బయానా. మిగతాది పని ముగిసి కమిటీ మెచ్చాక.

బాబా మియా తడమడానికి బయలుదేరాడు. రెక్కల కోసం కొంగ కావాలి. ఇమాం సాబ్ కాలంలో కొంగను పట్టడమంటే తెల్లవారకముందే చెరువు బురదలో బోర్లా పడుకోవాలి. ఊపిరి పీలిస్తే ఎగిరిపోయేది. ఇప్పుడు బాబా మియా గట్టు మీద మామూలుగా నడిచి వెళ్లాడు. తుమ్మ చెట్టు కింద కొంగ కూచుని ఉంది. చెయ్యి చాపితే ఎగరలేదు. చంకలో పెట్టుకుంటే మెడ వాల్చింది. రెక్క విప్పి ఒక్కొక్క ఈకా తడిమాడు. ఎడం ఎడంగా, మెత్తగా, తడిసిన కాగితంలా ఉన్నాయి. నాలుగు ఊడి వేళ్లకు అంటుకున్నాయి. ఇంత సులువుగా చిక్కడం చూసి తన చేతి నేర్పు పండిందనుకున్నాడు. అల్లా మెహర్బానీ అనుకున్నాడు.

కాళ్ల కోసం ఆగమ్మ ఇంటికి పోయాడు. ఆగమ్మ ఒంటరి మనిషి, ఉన్న ఆస్తి ఒక్క బర్రె. ఆయన మోకాలి చుట్టూ అరచేతులు పెట్టి నొక్కుతున్నా అది కదలకుండా మూలుగుతూ నిలబడింది.

"నీ బర్రె మస్తు సాధు ఆగమ్మా. జెర సేపు గూడ తన్నలే."

"సాధు ఏడిది మియా? తన్ననీకె చేతనైతలేదు దానికి."

ఆ మాట విన్నాడు. కానీ పని మీదున్న మనిషికి చెవులు కూడా పనిముట్లలాగే ఉంటాయి, అవసరమైనదే పట్టుకుంటాయి. మోకాలు ముంతంత ఉంది, గుండ్రంగా, గట్టిగా. దేవుడి జంతువుకు ఇంత కీలుండాల్సిందే అనుకున్నాడు. మూతి కోసం కల్లు కాంపౌండ్ కుక్కను బతిమాలుకున్నాడు. దాని సంగతి చెప్పనక్కరలేదు.

సున్నం దంచేది భార్య తాజున్నీసా. రోకలి ఆపి రెక్క వంక చూసి ఆవిడ అన్నది: "ఏంది జీ, గిది పీకిన కోడి లెక్కున్నది?"

"నువ్వు కండ్లతోటి జూస్తున్నవ్."

"కండ్లతోటి గాక మరి దేంతోటి జూస్తరు? రేపు మొక్కెటోళ్లు నిచ్చెనేసుకోని తడుముతరా?"

అది ముమ్మాటికీ నిజం. తండ్రి మాటకు ఎదురు నిజం కాబట్టి ఆయన ఒప్పుకోలేదు.

పని అద్భుతంగా కుదిరింది. అదే దాని శాపం. చేతికి ఏది తెలిసిందో అది అణువణువూ సున్నంలోకి దిగింది. గవని మీది తడక విప్పిన రోజు జనం దండం పెట్టుకున్నారు గానీ ఎవరి మొహంలోనూ కళ లేదు. త్రినాథరావు తల అటు వంచి ఇటు వంచి చూశాడు.

"ఏదో తేడాగా ఉందండీ. ఏమిటో చెప్పలేను. నాలుగు రోజులు చూద్దాం."

నాలుగు రోజులు ఏడాదయ్యాయి. బాకీ అడగడానికి గుడికి వస్తూ, ఉత్తచేతులతో కూచోలేక ప్రహరీకి మాట్లు వేస్తూ ఉండగా డాక్టరమ్మ వచ్చి ఆ తేడాకు పేరు పెట్టింది.

"ఏం ముట్టుకోని చేసినవు దీన్ని?" అని నాగేశ్వరి అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"బాగున్న కొంగను ఎన్నడన్న ముట్టినవా?"

"చిన్నగున్నప్పుడు. అబ్బాజాన్ పట్టుకుంటే."

"రేపు నాతోని రా. నాకు పట్టుకునే మనిషి గావాలె."

మంజీరా ఒడ్డున, మొసళ్లు ఎండకాగే మడుగుల దగ్గర, అటవీశాఖవాళ్ల రేకుల షెడ్డు ఉంది. అందులో గులాబి రెక్కల పెద్ద కొంగ ఒకటి. జాలర్ల వలదారం కాలికి చుట్టుకుని కోసుకుపోయింది. నాగేశ్వరి కుట్లు వేయాలి, బాబా మియా రెక్కలు పట్టుకోవాలి. అంతే పని.

కొంగ ఊరుకోలేదు. రెక్కతో ఆయన దవడ మీద కొట్టింది. కళ్లజోడు ఎగిరి పడింది. ముక్కుతో చెవి తమ్మె చీల్చింది. రెండు చేతులతో అదిమి పడితే అరచేతుల కింద ఈకలు తెలిశాయి. పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి, సందు లేకుండా, బిర్రుగా. వాటి కింద ఎముక. ఎముక కింద వేడి. ఆ వేడి కింద డోలు కొట్టినట్టు గుండె. నాగేశ్వరి కుట్టు ముగించి "వదులు" అన్నది. ఆయన వదలలేదు. "వదులు మియా సాబ్, సచ్చిపోతది!" అని అరిస్తే గానీ వదలలేదు.

బయటికి వచ్చి తన అరచేతులు వాసన చూసుకుని, తూ అని ఉమ్మేశాడు. ఎవరి మీదో కాదు, తన మీదే. ఇంటికి వచ్చి చెవికి పసుపు పెట్టించుకుంటూ తాజున్నీసాతో ఒక్కటే మాట అన్నాడు.

"కొంగ గంత గట్టిగ కొడ్తదని నాకు యాదికే లేకుండె."

మర్నాడే త్రినాథరావు దగ్గరికి పోయి, తప్పు తనదేననీ, కూలి లేకుండా సరిచేస్తాననీ చెప్పాడు. త్రినాథరావు సంతోషించాడు. దేవుడి జంతువుకే రోగమని డాక్టరమ్మ అన్న మాట అప్పటికే ఊళ్లో పాకింది. కంపెనీ మేనేజరుకు అది వినసొంపైన మాట కాదు. "చేసెయ్యండి. చేసిన రోజే బ్యాలెన్సు పట్టుకెళ్లండి" అన్నాడు.

పరంజా కట్టి ఎడమ రెక్కతో మొదలుపెట్టాడు. రోగం రెక్క చెక్కేసి, చేతిలో మంజీరా కొంగ ఆరకముందే కొత్త రెక్క ఎత్తాడు. దాన్ని చూసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు, కింద నిలబడితే దెబ్బ తగులుతుందేమోనని తల పక్కకు తిప్పుకునేవాళ్లమని. ఇంకా ఒక రెక్క, ఎనిమిది మోకాళ్లు, ఒక మూతి మిగిలాయి.

అప్పుడు ఆగమ్మ వచ్చింది.

ఆమె బర్రె పూర్తిగా కూలబడింది. నాగేశ్వరి చెప్పింది ఒకటే: "చెరువు నీళ్లు తాపకు." ఇంకే నీళ్లు తాపాలో చెప్పలేదు, ఎందుకంటే ఊళ్లో ఇంకే నీళ్లూ లేవు. దేవుడి గొడ్డుకూ ఇదే రోగమని విన్న ఆగమ్మ, తన లెక్క తాను వేసుకుంది. దేవుని గొడ్డుకు తగ్గితే తన గొడ్డుకూ తగ్గుతుంది. నిచ్చెన ఎక్కి శరభం మోకాళ్లకు నూనె, పసుపు పట్టించింది. ఆ సాయంత్రం బర్రె లేచి నిలబడింది. ఎందుకు లేచిందో వీరభద్రుడికి కూడా తెలిసి ఉండదు. తెల్లారేసరికి గవని ముందు పదిమంది, వారానికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు. పలుపుతాళ్లు తెచ్చి శరభం కాళ్లకు ముట్టించుకుని పోవడం, కొబ్బరికాయలు, చిల్లర.

బాబా మియా ఉలి పట్టుకుని మోకాలి దగ్గరికి వచ్చేసరికి ఆగమ్మ నిచ్చెన పట్టుకుని ఊపింది.

"దిగు మియా! నా బర్రె మోకాలు పలగ్గొడ్తవా?"

"నీ బర్రెది గాదే ఆగమ్మా, నా పని. తప్పు జేసిన, సర్దుకుంట."

"నువ్వెవనివి తప్పు జేయనీకె? నీతోని దేవుడు జేయించిండు."

"దేవుడు జేయిస్తే కూలి గూడ దేవుడే ఇయ్యాలె గద! నాకేడ ఇచ్చిండు?"

కింద కొందరు నవ్వారు. ఆగమ్మ నవ్వలేదు. నిచ్చెన లాగేసింది. బాబా మియా పరంజా కర్ర పట్టుకుని, కోతిలా జారి దిగాడు.

ఈ గొడవ విని నాగేశ్వరి వచ్చింది, ఆగమ్మ మీద కంటే మిగతా జనం మీద మండిపడింది. దవాఖానాలో మందు ఉత్తగ ఇస్తా అంటే ఒక్కరూ రారు, సున్నానికి మాత్రం పసుపు పూస్తారు అన్నది. జనం వినయంగా విన్నారు. విని, ఆమె లూనా మలుపు తిరగ్గానే పసుపు పూశారు. సంగారెడ్డి జిల్లా ఆఫీసుకు ఆమె పంపిన చచ్చిన కొంగల పోస్టుమార్టం కాగితాలకు పట్టిన గతీ ఇంతకన్నా మెరుగ్గా లేదు. వాటికి పసుపు కూడా దొరకలేదు.

త్రినాథరావు కారు దిగి, గుంపును చూశాడు. రాలిన చిల్లర చూశాడు. ఇంకొకటి కూడా చూశాడు. ఆర్నెల్ల కిందట ఇదే జనం చచ్చిన దూడను బండి మీద వేసుకుని కంపెనీ గేటు ముందుకు వచ్చారు. ఇప్పుడు గవని ముందుకు వస్తున్నారు. గేటు దగ్గర తిట్టేవాళ్లు, ఇక్కడ మొక్కుతున్నారు.

"ఆపెయ్యండి మియాగారూ" అన్నాడు మెత్తగా. "జనం నమ్మకం. మనం దెబ్బ తియ్యకూడదు."

"సాబ్, ఒక రెక్కనే అయ్యింది. గిట్ల ఒదిలేస్తే నా చెయ్యి నన్ను తిడ్తది."

"దేవుడి విషయమండీ."

నెల తిరక్కుండా గవని పక్కన ఇనప హుండీ వెలిసింది. దాని మీద 'గో సంరక్షణ నిధి' అని రాయించారు. బర్రెలు ఆ నిధి కిందికి వస్తాయో రావో ఎవరూ అడగలేదు. ఆగమ్మ బర్రె ఆ వానాకాలం దాటలేదు. దాని కళేబరం ఎత్తడానికి వచ్చినవాళ్లు కూడా ముక్కు మూసుకున్నారు, లోపలి కాలేయం నల్లగా గడ్డకట్టిందట. ఒకనాడు నూనె పెట్టడం మరిచిపోయినందుకే పోయిందని ఆగమ్మ లెంపలు వేసుకుంది. రోగం కంపెనీది, చావు బర్రెది, తప్పు ఆగమ్మది, హుండీ కమిటీది. ఇంత చక్కని పంపకం ఏ పంచాయతీలోనూ జరిగి ఉండదు.

బాకీ సంగతి బాబా మియా మళ్లీ ఎత్తితే త్రినాథరావు చాలా సబబుగా జవాబు చెప్పాడు.

"రెండు రెక్కలు రెండు రకాలుగా ఉన్నాయి కదండీ. పని పూర్తయిందని కమిటీ ఎలా రాస్తుంది?"

"పూర్తి జేస్తా అంటే మీరే చేయనిస్తలేరు గద సాబ్."

"అదే కదండీ ఇబ్బంది."

ఆ తరవాత బాబా మియా ఏ జంతువునూ చేయలేదు. డంగు సున్నం అడిగేవాళ్లూ తగ్గారు. అమీన్‌పూర్‌లో లేచిన అపార్టుమెంట్లకు బాత్‌రూం టైల్స్ అతికించాడు. టైల్‌కు తడమాల్సిన అవసరం లేదు, అన్నీ ఒకటే.

రెండు వేల ఒకటిలో హైదరాబాదులో వన్యప్రాణుల ఆరోగ్యం మీద ఏదో సభ పెట్టి, గోడ మీద శరభం ఎడమ రెక్క ఫొటోను నిలువెత్తున వేలాడదీశారు. కింద 'ఆశ' అని రాశారు. కుడి రెక్కను కత్తిరించేశారు. బాబా మియాకు శాలువా కప్పి, ఆశ గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. ఆయన మైకు పట్టుకుని, "ఆ రెండో రెక్క చేయనీకె జెర మీరన్న చెప్పుండ్రి. బ్యాలెన్సు గూడ ఉన్నది" అన్నాడు. సభ కరతాళధ్వనులు చేసింది. నిర్వాహకులు టీ తాగడానికి పిలిచారు.

ఆయన ఆశ వేరే రకం. ఏటా వానలు వెలిశాక చెరువు గట్టుకు పోయి, కొంగ కనబడితే మామూలుగా నడిచి దగ్గరికి వెళ్లేవాడు. అది కూచునే ఉంటే ఉమ్మేసి వెనక్కి వచ్చేసేవాడు. పదేళ్లు ఉమ్మేశాడు. ఆ తరవాత కంపెనీ మురుగును గొట్టంలో ఎక్కించి ఇంకో దిక్కుకు పంపారు. కంపు చావలేదు, కాపురం మార్చింది. ఏ ఊరి అన్నంలో కలుస్తోందో దూదిగుంటవాళ్లు ఆరా తీయలేదు. చెరువు మాత్రం రెండు మంచి వానలకు కొద్దిగా తేరుకుంది. రెండు వేల నాలుగులో బాబా మియా గట్టు మీద ఇరవై అడుగుల దూరంలో ఉండగానే కొంగ లేచింది. రెక్కల చప్పుడుకు ఉలిక్కిపడి ఆయన బురదలో కూలబడ్డాడు. బట్టలన్నీ బురదతో ఇంటికి వచ్చి, నవ్వు ఆపుకోలేక గుమ్మంలో కూచున్నాడు.

"ఏమైంది జీ? పడ్డవా?"

"దగ్గరికి రానియ్యలే తాజూ! జెర గూడ రానియ్యలే!"

మర్నాడు ఉలి, తాపీ పట్టుకుని కమిటీ దగ్గరికి పోయాడు. చెరువు బాగుపడుతోంది, రెండో రెక్క ఇప్పుడన్నా చేయనివ్వమన్నాడు. మోకాళ్ల జోలికి పోనన్నాడు. త్రినాథరావు రిటైరై వెళ్లిపోయాడు గానీ, కమిటీ ఆయన దగ్గర పాఠం బాగా నేర్చుకుంది. హుండీ ఆదాయం మీద కల్యాణమండపం లేస్తున్న సమయంలో శరభానికి ఆరోగ్యం అచ్చిరాదు. భక్తుల మనోభావాలన్నారు. ఆ చలికాలంలోనే ఊపిరితిత్తుల జబ్బుతో బాబా మియా పోయాడు. సున్నం దుమ్మన్నాడు ఒక డాక్టరు, చెరువు గాలన్నాడు ఇంకొకడు.

శరభం అట్లాగే ఉంది. ఎడమ రెక్క కొడుతుంది, కుడి రెక్క రాలుతుంది. ఎనిమిది మోకాళ్లూ పసుపు పేరుకుని ఇంకా లావయ్యాయి. కల్యాణమండపం పూర్తయి కిరాయికి నడుస్తోంది. తాజున్నీసాకు రావలసిన నాలుగు వేల రూపాయలు కమిటీ ఇంతవరకు ఇవ్వలేదు.